రోజ్‌మేరీ కొమ్మలు 12 పెడితే 12 నల్లబడ్డాయి, తప్పెక్కడ?

కూకట్‌పల్లి బాల్కనీ
నర్సరీలో 180 పెట్టి తెచ్చిన రోజ్‌మేరీ ఒక్కటే ఉంది. ఇంట్లో ముగ్గురం దాని మీదే పడ్డాం (జుట్టు కోసమే, ఎవరూ నవ్వొద్దు). ఒక్క మొక్క ఏ మూలకి? నాలుగు చేసుకుందామని కొమ్మలు కత్తిరించి గుచ్చాను. మొదటిసారి ఆరు, రెండోసారి ఆరు. వారం దాకా నవనవలాడుతూ ఉంటాయి. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో కింద నుంచి నలుపు ఎక్కడం మొదలవుతుంది. ఇంకో రెండు రోజులకి తల వాల్చేస్తాయి. పీకి చూస్తే వేరు లేదు, ఏమీ లేదు. యూట్యూబ్‌లో ఒకాయన పదిహేను రోజుల్లో వేర్లు చూపించాడు. నాకు పదిహేను రోజుల్లో కంపోస్టు వచ్చింది. తులసి, మందారం, నందివర్ధనం అన్నీ నా చేతిలో బతుకుతాయి. ఇదొక్కటే పగబట్టింది.

ఎర్రమట్టి
ఏ నెలలో పెట్టారు? ఏ మట్టి? ఎండ ఎంత? నీళ్లు ఎన్నిసార్లు? ఇవి తెలీకుండా ఎవరేం చెప్పినా సోది చెప్పినట్టే.

బెంగళూరు ట్రాఫిక్
డాక్టరు గారొచ్చారు, నాలుక చాపండి.

కూకట్‌పల్లి బాల్కనీ
మొదటి విడత ఏప్రిల్ చివర, రెండోది మే రెండో వారం. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, వర్మీకంపోస్టు సగం. పేపర్ టీ కప్పుల్లో పెట్టాను. తేమ పోకూడదన్నారని పైన పాలిథిన్ కవరు కట్టాను. తూర్పు బాల్కనీ, పదకొండు దాకా ఎండ ఉంటుంది. నీళ్లు పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం.

ఎర్రమట్టి
అమ్మా, మీరు ఇడ్లీ పెట్టారు. మే నెల, ఎండ, పైన మూత, అడుగున నీళ్లు. రెండు వాయలూ బాగా ఉడికాయి.

సీసా వేర్లు
అసలు మట్టి ఎందుకండీ ఈ గొడవంతా. గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టండి, రోజు మార్చి రోజు నీళ్లు మార్చండి. నీళ్లలో మునిగేచోట ఒక్క ఆకు కూడా ఉండకూడదు, ఉంటే అదే కుళ్లి మిగతావాటిని తీసుకుపోతుంది. మా విశాఖలో వంటింటి కిటికీ దగ్గర పెడితే నాలుగు వారాలకి వేర్లొచ్చాయి. కళ్లకి కనబడతాయి కాబట్టి టెన్షన్ ఉండదు.

ఎర్రమట్టి
నీళ్లలో వచ్చిన వేరు నీళ్లకే అలవాటు పడుతుంది. మట్టిలోకి మార్చినప్పుడు ఎన్ని నిలబడ్డాయో అది చెప్పండి.

సీసా వేర్లు
8 పెట్టాను. 6కి వేర్లొచ్చాయి. మట్టిలోకి మార్చాక 3 ఉన్నాయి.

లెక్కల మేష్టారు
అంటే 8కి 3. కళ్లకి కనబడుతూ చచ్చిపోయాయన్నమాట.

సీసా వేర్లు
మేష్టారూ, ఆ మూడూ ఇప్పటికీ ఉన్నాయి. వేరు అంగుళం కూడా రాకముందే మార్చాలని తర్వాత తెలిసింది. నేను మూడంగుళాలు పెరిగేదాకా మురిసిపోతూ చూస్తూ కూర్చున్నా, మార్చేటప్పుడు సగం విరిగాయి.

కడియం కుర్రోడు
మాది కడియం దగ్గర నర్సరీ అండి. వేసవిలో మేము రోజ్‌మేరీ కటింగ్ అసలు ముట్టుకోం. ఇది మధ్యధరా సముద్రం ఒడ్డున రాళ్లలో పెరిగే మొక్క. ఎండ ఇష్టమే, కానీ అది వేరున్న మొక్కకి. వేరు లేని కొమ్మకి ఆ ఎండ ఎందుకండి? నీళ్లు తాగే దారే లేదు, పైనుంచి ఆవిరైపోతూ ఉంటుంది. 20 నుంచి 25 డిగ్రీల మధ్య అయితే వేరు హాయిగా వస్తుంది. మన దగ్గర అది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. బెంగళూరు వాళ్లకి దాదాపు ఏడాదంతా కుదురుతుంది, వాళ్ల సంగతి వదిలేయండి.

కొమ్మ ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుందండి. బాగా లేత చిగురైతే వాలిపోతుంది. ముదిరి కట్టె అయిపోయిందైతే వేరు రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి రాదు. పైన పచ్చగా, కింద అప్పుడప్పుడే గోధుమ రంగుకి తిరుగుతున్న కొమ్మ కావాలి. పూత ఉన్నది వద్దు, ఓపికంతా పూతకే పోతుంది. నాలుగైదు అంగుళాలు చాలు. కణుపుకి సరిగ్గా కింద కొయ్యండి, బ్లేడు పదునుగా ఉండాలి. వంటింటి కత్తెరతో నొక్కితే కాడ నలుగుతుంది, నలిగినచోటే కుళ్లు మొదలు. కింది సగం ఆకులు ఒక్కోటి గిల్లెయ్యండి. సర్రున కిందికి దూస్తే ఆకుతో పాటు తొక్క కూడా లేచొస్తుంది.

కడిగిన ఏటి ఇసుక సగం, కోకోపీట్ సగం. పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) దొరికితే ఇసుక బదులు అది వేసుకోవచ్చు. ఎరువు వద్దు. వేరే లేనిదానికి ఎరువెందుకండి, మీరు వేసిన వర్మీకంపోస్టు తిన్నది కుళ్లు తెగులే.

కూకట్‌పల్లి బాల్కనీ
కడియం గారూ, చదువుతూ లేచి వెళ్లి చచ్చిన కొమ్మ ఒకటి పీకి చూశాను. మట్టిలో ఉన్న భాగం బొటనవేలంత పొడవు నల్లగా ఉంది. గోటితో తడితే నానబెట్టిన బాదం పొట్టు ఊడినట్టు తొక్క ఊడింది, లోపల కాడ ఇంకా తెల్లగానే ఉంది. పైన ఆకు నలిపితే రోజ్‌మేరీ వాసనే వస్తోంది, పాపం. కింద మురుగు కాలవ వాసన.

ఎర్రమట్టి
కుళ్లే. నీళ్లు చాలక చస్తే ఆకు కరకరలాడుతుంది, కాడ ఎండిపోతుంది. ఇది నీళ్లెక్కువై పోయిన కేసు. రాసిపెట్టుకోండి.

మరువం
మాకు తెనాలిలో మరువం కొమ్మ గుచ్చితే ఎప్పుడైనా బతుకుతుంది, ఎండాకాలమైనా సరే. ఇదీ ఆ కుటుంబమే కదా, తులసీ మరువం పుదీనా అన్నీ ఒకటేనంటారు. దీనికెందుకింత గారాబం?

లెక్కల మేష్టారు
కుటుంబం ఒకటే అయినా స్వభావాలు ఒకటి కానక్కర్లేదు, మా ఇంట్లో చూస్తున్నాను. పుదీనా కాడలో నీరెక్కువ, కణుపు దగ్గర వేరు సిద్ధంగా ఉంటుంది. రోజ్‌మేరీ ఏళ్ల తరబడి బతికే పొద, కాడ కట్టెబారుతుంది. ఇంకో విచిత్రం చెప్తాను. ఇప్పుడు దీని శాస్త్రీయ నామం కూడా మారింది. పాత పేరు రోస్మరినస్ అఫిసినాలిస్. ఇప్పుడు సాల్వియా రోస్మరినస్ అంటున్నారు. అంటే మీరు నిమ్మరసంలో నానబెట్టుకుని తాగే చియా గింజల మొక్కకి ఇది దగ్గరి చుట్టం.

బెంగళూరు ట్రాఫిక్
రెండూ కలిపి తాగితే జుట్టూ పెరుగుతుంది, పొట్టా తగ్గుతుంది. పేటెంట్ నాది.

జుట్టురాలుడు
జుట్టు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నిజంగా పనిచేస్తుందా? నేను నాలుగు నెలలుగా రోజ్‌మేరీ నీళ్లు కొడుతున్నా. తల మాత్రం బిర్యానీలా ఘుమఘుమలాడుతోంది.

లెక్కల మేష్టారు
అందరూ చెప్పుకునేది 2015లో ఇరాన్‌లో వచ్చిన పరిశీలన. 100 మందిని రెండు గుంపులు చేసి, 6 నెలల పాటు ఒక గుంపుకి రోజ్‌మేరీ నూనె, ఇంకో గుంపుకి 2 శాతం మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి తలకి రాసే మందు) ఇచ్చి పోల్చారు. ఫలితాలు దగ్గర దగ్గరగా వచ్చాయి. అయితే అది నూనెతో చేసింది, మనం గిన్నెలో మరగబెట్టే నీళ్లతో కాదు. ఏ మందూ వాడని మూడో గుంపు లేదు. రాలడం ఎక్కువగా ఉంటే చర్మ డాక్టరుకి చూపించుకోండి, రక్తం తక్కువైనా రాలుతుంది.

ఎర్రమట్టి
కొమ్మల సంగతి మాట్లాడదామా.

మరువం
హార్మోన్ పొడి (వేరు తెప్పించే మందు) అవసరమా? నేను కలబంద గుజ్జులో ముంచి పెడతాను, గులాబీకి కూడా. కొందరు తేనె అంటారు, కొందరు దాల్చిన చెక్క పొడి అంటారు.

సీసా వేర్లు
తేనె, దాల్చిన చెక్క, కలబంద. ఇంకో చెంచా నిమ్మరసం పిండితే మొక్క కంటే ముందు మనం తాగొచ్చు.

లెక్కల మేష్టారు
పోయిన డిసెంబరులో ఒకే చెట్టు నుంచి 24 కొమ్మలు తీశాను. 8 హార్మోన్ పొడితో, 8 కలబందతో, 8 ఊరికే. బతికినవి వరసగా 6, 5, 5. ఎనిమిదేసి కొమ్మలతో ఏదీ తేల్చలేం, ఆ ఒక్కటి తేడా అదృష్టం కూడా కావచ్చు. అయితే పొడి పెట్టినవాటికి వేర్లు గుత్తుగా, ఒక వారం ముందు వచ్చాయి. దాల్చిన చెక్క బూజుని కొంత ఆపుతుందేమో గానీ వేరు పుట్టించదు.

కడియం కుర్రోడు
పొడి వాడితే ముందు పెన్సిలుతో గుంట చేసి అప్పుడు కొమ్మ దించండి. నేరుగా గుచ్చితే పొడంతా పైనే రాలిపోతుంది. కొమ్మని పొడిలో ముంచి ఒక దులుపు దులపండి, పిండివంటకి పిండి పట్టించినట్టు పట్టించకండి. ఎక్కువైతే కాడ మాడుతుంది. కవరు కట్టొచ్చండి, కానీ నీడలో. రోజూ పది నిమిషాలు తీసి గాలాడనివ్వాలి.

ఎర్రమట్టి
కవరు మాట నేను ఒప్పుకోను. మా అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది, అయినా నేను కవరు కట్టను. ఆకు సూదిలా సన్నగా ఉండేదే నీళ్లు పోకుండా. పొద్దున ఒకసారి ఆకు మీద తుంపర కొడితే చాలు. వానాకాలంలో హైదరాబాదులో కవరు కడితే బూజు మిగులుతుంది.

కడియం కుర్రోడు
మీ అనుభవం మీది, మాది మాది అండి. కవరు లేకుండా మాకు సగం పోతాయి.

కూకట్‌పల్లి బాల్కనీ
ఆగండాగండి. ఇప్పుడే ఒక ఘోరం బయటపడింది. ఇవాళ సెలవని ఇంట్లో ఉన్నా. మధ్యాహ్నం రెండింటికి అత్తయ్య చెంబు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. బియ్యం కడిగిన నీళ్లు! రోజూ పోస్తున్నారట. "కొమ్మలు పాపం ఎండకి సొమ్మసిల్లుతుంటే నువ్వు ఆఫీసుకి పోయావు, ఎవరు చూస్తారు" అంటున్నారు. అంటే పొద్దున నేను, మధ్యాహ్నం ఆవిడ, సాయంత్రం మళ్లీ నేను.

బెంగళూరు ట్రాఫిక్
మూడు పూటలా భోజనం, పైగా గంజి. ఇంత బాగా నన్నెవరూ చూసుకోలేదు.

మరువం
పెద్దావిడని ఏమీ అనకండి. కరివేపాకుకీ బీరపాదుకీ బియ్యం కడుగు పోసి పెంచిన చెయ్యి అది, అలవాటు. పైగా మధ్యాహ్నం కొమ్మ వాలితే ఎవరికైనా నీళ్లు పోయాలనే అనిపిస్తుంది.

ఎర్రమట్టి
సాయంత్రం చూడండి. సాయంత్రానికి లేస్తే దానికి దాహం లేదు. లేవకపోతేనే వేలు పెట్టి చూడండి, వేలి మొదటి గీత దాకా పొడిగా ఉంటే పోయండి. కప్పు చేత్తో లేపి చూస్తే బరువే చెప్తుంది. అన్నట్టు కప్పులకి కన్నాలు పెట్టారా?

కూకట్‌పల్లి బాల్కనీ
...

ఎర్రమట్టి
సరే.

డాలస్ తోటమాలి
ఇక్కడ ఇళ్ల ముందు కంచెలా పెరుగుతుంది, వంటకి పక్కింటి వాళ్లు కూడా తుంచుకెళ్తారు. మాకు ఎండ సమస్య కాదు, చలి సమస్య. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి మా పదేళ్ల పొద, నడుమెత్తు ఉండేది, మొదలంటా పోయింది. వీధిలో సగం ఇళ్లవీ పోయాయి. అప్పటి నుంచి ప్రతి శరదృతువులో నాలుగు కొమ్మలు తీసి గరాజ్ కిటికీలో పెట్టుకుంటున్నా, బీమా లాగా. చలికి తట్టుకునే ఆర్ప్ అనే రకం ఉంది, మా టెక్సాస్‌లోనే ఆర్ప్ అనే ఊళ్లో దొరికింది కాబట్టి ఆ పేరు. మీకు దానితో పని లేదు, ఊరికే చెప్పా. అసలు చెప్పాలనుకున్నది, పెద్ద మొక్కని నమ్ముకుని కూర్చోకండి. అది ఉండగానే పిల్లలు తీసుకోండి.

మెల్‌బోర్న్ కోడలు
మా దగ్గర ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే ఆంజాక్ డేకి, కోటు మీద రోజ్‌మేరీ రెమ్మ పెట్టుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్ల సైనికులు పోరాడిన టర్కీలోని గల్లిపోలి కొండల మీద అది అడవి మొక్కట. మా ఆయన ఆఫీసులో ఇచ్చిన రెమ్మ పెట్టుకుని వచ్చారు. సాయంత్రం పిన్నీసు తీసి కుండీలో గుచ్చేశా, బతికింది. పొడి లేదు, కవరు లేదు. ఏప్రిల్ మాకు ఆకులు రాలే కాలం, చల్లగా ఉంటుంది. కాబట్టి పైన కడియం ఆయన చెప్పినట్టు కాలమే ముఖ్యం అనుకుంటా.

సీసా వేర్లు
సూపర్‌మార్కెట్లో ట్రేలో అమ్మే రోజ్‌మేరీకి వస్తాయా? 60 రూపాయలకి పది రెమ్మలుంటాయి.

కడియం కుర్రోడు
తాజాగా ఉంటే వస్తాయండి. ఫ్రిజ్‌లో ఎన్నాళ్లున్నాయో మనకి తెలీదు. కొనగానే అడుగు అర అంగుళం కోసేసి రెండు గంటలు నీళ్లలో పెట్టండి, నిటారుగా లేస్తే పెట్టుకోవచ్చు. లేవకపోతే బంగాళాదుంపల వేపుడులోకి.

మరువం
ఇంత అవస్థ ఎందుకు, మల్లెకి చేసినట్టు నేల అంటు కట్టుకోకూడదా? కింది కొమ్మ వంచి, మట్టికి తగిలేచోట అడుగున కొంచెం గీరి, పైన మట్టి కప్పి రాయి పెట్టడమే. తల్లి పాలు తాగుతూనే వేరు పోస్తుంది.

కూకట్‌పల్లి బాల్కనీ
చూశానండీ, నాది నిటారుగా పెరిగే రకం. వంచితే విరిగేట్టుంది. ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకోలేను. నవంబరు దాకా ఆగుతా. ఈలోపు వానలకి తల్లి మొక్కని కాపాడుకోవడం ఎలా?

కడియం కుర్రోడు
మట్టి కుండీలోకి మార్చండి, ప్లాస్టిక్ వద్దు. మట్టిలో మూడో వంతు ఇసుక. వాన నేరుగా పడని చోట, వెలుతురు గాలి తగిలేలా పెట్టండి. కింద పళ్లెం తీసేయండి, అందులో నీళ్లు నిలిస్తే అంతే సంగతులు. జుట్టు కోసం కోసేటప్పుడు ఆకులున్న భాగంలోనే కొయ్యండి. ఆకు లేని మోడు దాకా కోస్తే మళ్లీ చిగురు రాదు, గులాబీ అనుకోకండి.

జుట్టురాలుడు
ఆకు లేని మోడు, మళ్లీ చిగురు రాదు. ఎందుకండీ పొద్దున్నే ఇలాంటివి.

కూకట్‌పల్లి బాల్కనీ
(నవంబరు) మళ్లీ వచ్చా. కార్తీక పౌర్ణమి మర్నాడు 8 కొమ్మలు పెట్టాను. ఇసుక, కోకోపీట్. కొత్త బ్లేడు. 4కి పొడి, 4కి ఏమీ లేదు. పారదర్శకంగా ఉండే జ్యూస్ గ్లాసులు, సూది కాల్చి అడుగున ఆరు చొప్పున కన్నాలు. ఉత్తరం కిటికీ లోపల. కవరు విషయంలో ఇద్దరు గురువులూ కొట్టుకున్నారు కాబట్టి సగానికి కట్టా, సగానికి కట్టలేదు. ఒక్కో గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో "నీళ్లు పోయొద్దు" అని రాశా.

లెక్కల మేష్టారు
పొడి, కవరు రెండూ కలిపి నాలుగు రకాలు, రకానికి రెండు కొమ్మలు. దీంతో ఏమీ రుజువు కాదు. అయినా సంతోషం.

బెంగళూరు ట్రాఫిక్
అత్తయ్యగారికి తెలుగు చదవడం వచ్చు కదా?

కూకట్‌పల్లి బాల్కనీ
(జనవరి) సంక్రాంతి హడావిడిలో ఆలస్యమైంది. 8లో 5 బతికాయి. కవరు ఉన్నవి 3, లేనివి 2, కాబట్టి ఇద్దరూ మళ్లీ కొట్టుకోవచ్చు. నాలుగో వారం ఒకటి మెల్లగా లాగి చూశా, రాలేదు, లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. ఇంకో వారానికి గ్లాసు గోడకి ఆనుకుని తెల్లటి వేరు కనబడింది, దారమంత సన్నం. పోయిన మూడింటిలో ఒకదానికి వేరు లేదు గానీ కోసినచోట సగ్గుబియ్యం గింజలా తెల్లగా ఉబ్బి ఉంది. దాన్ని పీక్కుండా ఇంకో రెండు వారాలు ఆగాల్సింది, నా తొందర.

అసలు కథ అది కాదు. మొన్న కుండీలు సర్దుతుంటే తులసి కుండీలో రోజ్‌మేరీ మొక్క ఉంది. జానెడు ఎత్తు! తల్లి మొక్కకి వెనక వైపు, గోడవైపు వాలి ఉన్న కొమ్మ ఒకటుంది, నేను చూడనే లేదు. అత్తయ్య జూన్‌లోనే తులసి కుండీ పక్కకి జరిపి, ఆ కొమ్మని అందులోకి వంచి, పైన రోకలి ముక్క పెట్టారట. దసరాకి తల్లి నుంచి కోసేశారట. ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు గ్లాసుల మీద రాసుకుంటున్నావు కదా, నీ పని నీది" అన్నారు.

మరువం
నేను చెప్పలా!

లెక్కల మేష్టారు
1కి 1. నూరు శాతం. రోకలి ముక్క బరువెంతో కనుక్కోండి.

ఎర్రమట్టి
ఆవిడకి ఇక్కడ ఒక అకౌంటు తెరిచి పెట్టండి. ఒక్క మాట, ఆ మొక్కని త్వరగా వేరే కుండీలోకి తీయండి. తులసికి రోజూ నీళ్లు పడతాయి, దీనికి పడవు.

కూకట్‌పల్లి బాల్కనీ
తీసేశా, నిన్ననే. గ్లాసుల్లో ఉన్నవాటికి కొస గిల్లాలా?

కడియం కుర్రోడు
కొత్త చిగురు రెండంగుళాలు వచ్చాక కొస గిల్లండి, పక్క కొమ్మలు వేస్తుంది. మార్చిలోపు కుండీలోకి మార్చేయండి. మొదటి వారం నీడలో ఉంచి తర్వాత మెల్లగా ఎండ చూపించండి. ఈ వేసవి దాటితే ఇక మీ ఇష్టం.

కూకట్‌పల్లి బాల్కనీ
సరేనండీ. అత్తయ్య ఇప్పుడు దవనం కావాలంటున్నారు. మీ దగ్గర ఉంటుందా?

కడియం కుర్రోడు
ఉందండి. కానీ రెండు తీసుకెళ్లండి, ఒకటి ఆవిడకి.